తెర నల్లగా ఉన్న నలభై సెకన్లు

కెమెరా స్టాండు నుంచి ఊడదీసిన ఇనుప కాలు పైకి లేచినప్పుడు గదిలో నలుగురం ఉన్నాం. మాలో ఒక్కరైనా దాన్ని ఎందుకు పట్టుకోలేదు? ఆరు వారాలుగా అందరినీ అడుగుతున్నాను, నన్ను నేను కూడా.

కదిలే బొమ్మలకు తుది మెరుగులు దిద్దే స్టూడియో అది. యజమాని నా మేనల్లుడు. కంప్యూటర్లు అతని చెల్లెలు చిట్టి చూసేది. తెర మీద పడే మాటల్లో తప్పులు నేను దిద్దుతాను. కొత్త సాఫ్ట్‌వేర్ మా కంప్యూటర్‌లో నడవదు. అందుచేత చిట్టి దాని లోపలే మరో కంప్యూటర్‌ను సృష్టించి, తెర మీదికి బొమ్మ పంపే ఒకే ఒక్క గ్రాఫిక్స్ కార్డునూ దానికి అప్పగించబోయింది. నాలుగు రోజులు అది మొరాయించింది. అయిదో రోజు మధ్యాహ్నం పన్నెండుకల్లా నడవకపోతే ఆమె కుర్చీ తన బావమరిదిదేనని అన్న తేల్చేశాడు. పదహారేళ్ళుగా ఆమె కూర్చున్న కుర్చీ.

పదకొండున్నరకు చిట్టికి తప్పు దొరికింది.

"అత్తా, ఈ కార్డులో బొమ్మ భాగం, శబ్దం భాగం కవలలు. నేను ఒకదాన్నే పంపుతున్నాను. రెండోది ఇక్కడే ఉంటే మొదటిది కదలదు."

"నాలుగు రోజులు కవలల్ని ఎత్తుకుని తిరిగావా వదినా?" అన్నాడు బావమరిది. "ఇక దించు, నేను కూర్చుంటాను."

బొమ్మలు గీసే ఇద్దరూ కిసుక్కున నవ్వారు.

"నవ్వండి," అంది చిట్టి. "ఇప్పుడు రెండూ కలిపి పంపుతున్నాను. కార్డు చేతులు మారేటప్పుడు తెర నల్లబడుతుంది. నలభై సెకన్లు. ఎవరూ ఏదీ ముట్టుకోకండి."

మేం నలుగురం విన్నాం. అన్న అప్పుడు వసారాలో ఫోనులో ఉన్నాడు. అతను లోపలికి వచ్చేసరికి తెర నల్లగా ఉంది.

"ఉన్నది కూడా తగలేశావు కదే."

ఇనుప కాలితో మొదటి దెబ్బ భుజం మీద.

"ఆగన్నయ్యా, వస్తుంది, కాస్త..."

రెండోది కీబోర్డు మీదున్న కుడి మణికట్టు మీద. ఎముక విరిగిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. మూడోది నోటి మీద. రెండు పళ్ళు మీటల మధ్య పడ్డాయి. ఆమె కుర్చీతో సహా వెనక్కి పడింది. పడ్డాక కూడా తన్నాడు, పక్కటెముకల్లో, రెండుసార్లు.

అప్పుడు తెర మీద బొమ్మ వచ్చింది. రంగులు చెక్కుచెదరలేదు.

అతను రొప్పుతూ చూశాడు. "చూశావా అత్తా? నాలుగు తగిలిస్తే గానీ దారికి రాలేదు."

ఇప్పుడు ఆ కుర్చీలో బావమరిది కూర్చుంటున్నాడు. తెర నల్లబడిన ప్రతిసారీ అదే ఇనుప కాలితో కంప్యూటర్ పెట్టెను బాదుతాడు. నలభై సెకన్లకు బొమ్మ వస్తుంది. తన చేతి మహిమేనని మురిసిపోతాడు. చిట్టి మణికట్టులో రెండు లోహపు పలకలున్నాయి, బొటనవేలు ముడవదు. కాలు జారి పడిందని రాసిన కాగితం మీద మా నలుగురిలో మిగతా ముగ్గురూ సంతకాలు చేశారు.

నేను వేరే కాగితం రాశాను. సరిచేసింది ఆమె, విరగ్గొట్టింది అతను, ఆ కుర్చీ ఆమెది అని. దాని మీద నా సంతకం ఒక్కటే ఉంది. కింద చోటుంది. చదివారు కదా, సంతకం పెట్టండి.