అవతల పలకడం లేదు

ఆ పొద్దున ఆకాశం నిండా మబ్బు ఉంది. వాన మబ్బు కాదు. ఆశపెట్టి తూర్పుకు జరిగిపోయే రకం. లాకుల దగ్గర జనం తలెత్తి దాన్ని చూడటం కూడా మానేశారు. అలాంటి రోజున నన్ను సంచిలో చుట్టగా చుట్టి తెచ్చారు.

నేను ఒక కేబులును. నా ఒక కొస కంప్యూటరుకు, రెండో కొస మోడెంకు. మోడెం అంటే కంప్యూటరు మాటను ఫోను లైనులోకి ఎక్కించే పెట్టె. టౌన్లో బస్టాండు వెనక రహంతుల్లా అనే మెకానిక్ నన్ను టంకం పెట్టి చేశాడు. నా కడుపులో తొమ్మిది తీగలు. మాట మోసేవి రెండే, వాటికి తోడు నేల తీగ ఒకటి. మిగతా ఆరూ అడగడానికీ, బదులివ్వడానికీ: మోడెం మేలుకుందా, పంపమంటుందా, అవతలి ఊళ్ళో మోడెం పలికిందా. సంసారాల్లోనూ అంతే అనుకుంటాను; పనికొచ్చే మాటలు రెండు, నమ్మకం కుదుర్చుకునేవి ఆరు. ఖాళీగా వదిలేసిన తీగ ఎప్పుడో పగబడుతుందని రహంతుల్లా భయం. అందుకని అన్నీ అతికాడు.

నేను చేరింది కాలువకు చివరి లాకు. దాని కిందంతా శివారు భూములు. పైరు పొట్ట మీద ఉంది, మళ్ళు నెర్రెలిచ్చాయి. లాకులు కాసే లస్కరు గంగాచలం రోజూ పొద్దున్నే నీటిమట్టం చూసి కంప్యూటర్లో కొట్టాలి. అది కాలువ మొదట్లో ఉన్న హెడ్‌వర్క్స్‌కు చేరితే, మట్టం తగ్గిందని తెలిసి వాళ్ళు నీళ్ళు వదులుతారు. చేరకపోతే వదలరు. కబురు రాని లాకుకు నీళ్ళు చాలుతున్నట్టే లెక్క. ఆ లెక్క పెట్టినవాడి పొలం శివారున ఉండి ఉండదు.

నాకు ముందు ఇక్కడున్న పాత కేబులు, వాడికి మూడే తీగలు. వాడితో పంపిన ప్రతిసారీ తెర మీద ‘చేరింది’ అని వచ్చేది. నీళ్ళు మాత్రం రాలేదు. కబురు చేరుతోంది, నీళ్ళు రావడం లేదు, మధ్యలో ఉన్నది గంగాచలం. ఎగువ చేపల చెరువులవాళ్ళు అతని చెయ్యి తడిపారనీ, మట్టం ఎక్కువ వేసి కొడుతున్నాడనీ రైతులు తేల్చుకున్నారు. కాలువను కాసేవాడికే వంతులేసుకుని కాపలా కాశారు. ఆ రోజు వంతు శివారు రైతు కొండలమ్మది.

పాతవాడి తొడుగు వదులైందని వర్క్ ఇన్‌స్పెక్టరు భుజంగరావు లాకు గదిలో నన్ను తగిలించాడు. గంగాచలం మట్టం కొట్టాడు. మోడెం కీచుమని ఆగింది. అవతలిది పలకలేదు. పలకలేదనే నేను చెప్పాను. తెర మీద అదే వచ్చింది: ‘అవతల పలకడం లేదు’.

“నిన్నటిదాకా పోయిందిగా!” భుజంగరావు పాము తోక పట్టినట్టు నన్ను పట్టి ఊపాడు. “చెత్త కేబులు.”

“కేబులేం చేత్తదండీ పాపం,” అంది గడపలో కూర్చున్న కొండలమ్మ. “ఏవయ్యా లస్కరూ, ఇన్నాళ్ళూ తప్పు మట్టం కొట్టేవు. ఇయ్యాల అసలు పోకుండానే చేసేవా?”

“నీ ముందేగా అత్తా కొట్టింది.”

“నాకు చదువొచ్చి ఏడిత్తే ఇక్కడెందుక్కూకుంటాను? అత్తా గిత్తా అనకు. నీళ్ళొచ్చాక అందూగాని.”

భుజంగరావు మోడెంను బరబర ముందుకు లాగి, నన్ను పీకి, పాతవాణ్ణి తగిలించాడు. గంగాచలం మళ్ళీ కొట్టాడు. ‘చేరింది’.

“చూశావా? కొత్త కేబుల్ని ఏదో చేశావు నువ్వు. రేపట్నించి ఈ గడప తొక్కకు. నీ సంగతి పై ఆఫీసు చూసుకుంటుంది.”

గంగాచలం కుర్చీలోంచి లేచాడు. కుర్చీ వీపు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. నన్ను కిటికీలో పడేశారు. నాకు కోపం రాలేదు. తొమ్మిదింటిలో దానికి తీగ లేదు.

కొండలమ్మకు ‘చేరింది’ మీద కూడా నమ్మకం లేదు. లేచి వచ్చి, బల్ల వెనక్కి వంగి, వేలాడుతున్న సన్నటి తీగను రెండు వేళ్ళతో ఎత్తింది.

“బాబూ, ఇదేం తీగండీ?”

“ఫోను తీగ. ముట్టుకోకు.”

“ఎందులో ఉండాలండీ ఇది?”

“గోడలో...” భుజంగరావు ఆగిపోయాడు. మోడెం లాగినప్పుడే అది గోడలోంచి ఊడొచ్చింది.

“తీగ నా చేతిలో ఉందే! మరి కబురు ఎవుడికి చేరిందండీ?”

భుజంగరావు పాతవాడి తొడుగు విప్పాడు. తీగలు చాలక కాబోలు, అడిగే పిన్నునే వంచి బదులు రావలసిన పిన్నులకు అతికేశారు ఎవరో. కంప్యూటరు అడిగిన ప్రశ్నే తిరిగొచ్చి అవునని చెప్పేది. మోడెం ఉందా? ఉంది. అవతల పలికిందా? పలికింది.

ఫోను తీగ గోడలో పెట్టి, నన్ను మళ్ళీ తగిలించారు. నేను మళ్ళీ అదే చెప్పాను. లైను బయట ఎక్కడ తెగిందో, ఎన్నాళ్ళ కిందట తెగిందో. ఈసారి నన్నెవరూ తిట్టలేదు. భుజంగరావు గంగాచలం ముఖం చూడకుండా మట్టం అడిగి, స్కూటరెక్కి హెడ్‌వర్క్స్‌కు తనే బయల్దేరాడు.

“అటే ఎల్లాడంటావా, ఇంటికెల్లాడంటావా?” అంది కొండలమ్మ. గంగాచలం పలకలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. కాలువలో బురద వాసన తప్ప ఏమీ లేదు. అరుగు మీద గంగాచలం అటు తిరిగి కూర్చున్నాడు. కొండలమ్మ క్యారేజీ విప్పి, గిన్నెలో సగం అన్నం, గోంగూర మూతలోకి తీసి అతని పక్కకు జరిపింది. అతను దానివైపు చూసి లేచాడు. వెళ్ళి చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

ఇద్దరూ కాలువ పైవైపు చూస్తూ తిన్నారు. ఆమె మధ్యలో ఒకసారి గిన్నె అడుగున ఉన్నది అతనికి వేసింది. అతను వద్దనలేదు.