పెదవుల మాట

మరమగ్గాలను మేం సాంచాలంటాం. ముప్పై ఏళ్లు వాటి మధ్య నిలబడితే చెవులు మిగులుతాయా? మా ఆయన పర్శరాములుకు మిగల్లేదు.

కరీంనగర్‌లో క్యాంపు పెట్టి చెవి మిషన్లు ఊరికే ఇస్తున్నారంటే నేనే పోరుపెట్టి తీసుకుపోయాను. మొదట రానన్నాడు. బస్సెక్కేటప్పుడు మనసులో మాట బయటపెట్టాడు.

"నీ గొంతు ఎట్లుంటదో మర్శిపోయిన దేవవ్వా. ఒక్కపారి ఇనాలె."

నాకు ఏడుపొచ్చింది. ఈ వయసులో సరసమేందని కసురుకున్నాను గానీ, ఆ రోజంతా నా కాళ్లు నేల మీద లేవు.

మిషన్ పెట్టుకుని ఇంటికొచ్చాడు. గిన్నె పడితే ఉలిక్కిపడ్డాడు. కుక్క మొరిగితే నవ్వాడు. నేను ఎదురుగా కూర్చుని ఎన్ని ముచ్చట్లు చెప్పానో! ఆయన నా మొహంలోకి చూసి చూసి తల దించుకున్నాడు. లోకంలోని చప్పుళ్లన్నీ వస్తున్నాయట, నా మాట ఒక్కటే రావడం లేదట. మూడు రోజులు చూశాడు. నాలుగో రోజు నాకు చెప్పకుండా పోయి మిషన్ వాపసు ఇచ్చేసి వచ్చాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

నాకు ఒళ్లు మండింది. పేదోళ్లకు పనికిరాని మిషన్లు అంటగడతారా అని, వారం తర్వాత ఆయన్ని వెంటబెట్టుకుని క్యాంపు మీదికి పోయాను. మిషన్ ఇచ్చిన పిల్ల నవీన అక్కడే ఉంది. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె ఓపికగా విని, మీ ఆయనతో ఒకసారి మాట్లాడి చూపించమంది. నేను ఆయన వైపు తిరిగి, ఈమె సంగతి నేను చూసుకుంటా, నువ్వు కూర్చో అన్నాను. ఆయన కూర్చున్నాడు. నవీన నన్నే చూస్తోంది.

"అమ్మా, నన్ను తిట్టినప్పుడు మంచిగనే మాట్లాడినవ్. ఆయనతోని మాట్లాడితె గొంతే రాలే. ఉత్త పెదవులే ఆడినయ్."

నేను నమ్మలేదు. గొంతు మీద చెయ్యి పెట్టుకుని మళ్లీ మాట్లాడి చూశాను. నిజమే. సాంచాల మోతలో అరిచి లాభం లేదని మా షెడ్లలో అందరం పెదవులతోనే మాట్లాడుకుంటాం. కొత్త కోడలిగా నూలు కండెలు చుట్టడానికి పోయిన నాడే మా అత్త నేర్పింది. ఆయనతో ఇంట్లోనూ అంతే. ముప్పై ఏళ్లలో, ఆయన ముందు నా గొంతు పలకడమే మానేసిందని నాకే తెలియదు. నా నోరు పడిపోను.

మిషన్ బాగానే ఉండేదట. దాన్ని మంథని మనిషికెవరికో ఇచ్చేశారు, ఇంకొకటి మిగల్లేదు. మళ్లీ క్యాంపు ఎప్పుడో నవీనకూ తెలియదు.

తిరుగు బస్సులో ఆయన పక్కన కూర్చుని, తప్పు మిషన్‌ది కాదు నాదేనని గొంతెత్తి చెప్పాను. బస్సంతా తిరిగి చూసింది. ఆయన నా నోటి వంక చూసి చూసి కళ్లు నలుపుకున్నాడు.

"నోరు గట్ల పెద్దగ తెరుస్తె సమజ్ అయితలేదే," అన్నాడు. "ఎప్పటి లెక్క చెప్పు."

గొంతు లోపలే ఆపుకుని, ఎప్పటిలాగే పెదవులతో చెప్పాను.