అందరికీ పద్దెనిమిదే

ఏ రోగి ఇంటికి వెళ్లొచ్చో, ఎవరు ఉండాలో చెప్పే కంప్యూటరును ఆ ఆసుపత్రి సిబ్బంది ‘కొత్తల్లుడు’ అని పిలిచేవారు. దానికి విడిగా చల్లని గది, దుమ్ము పడకుండా తెర, ఎవరూ ఎదురు చెప్పకూడదన్న కట్టడి. వచ్చి ఎనిమిది నెలలే అయినా పెత్తనమంతా దానిదే.

దాన్ని బాధ్యతగా వాడాలని ఒక కమిటీ కూడా వేశారు. కమిటీ ఆరుసార్లు కూర్చుని, ‘తుది నిర్ణయం మనిషిదే’ అని అచ్చేయించి ప్రతి వార్డు గోడకూ అంటించింది. ఆ మనిషి ఎవరో, ఎప్పుడు నిర్ణయించాలో మాత్రం వాయిదా వేసింది. అప్పటిదాకా వార్డు డాక్టరు తన ఫోనులో ప్రతి పేరు పక్కనా బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే మనిషి నిర్ణయించినట్టే లెక్క. ఆ డాక్టరు చెడ్డవాడేం కాదు, పాపం. నూట పది మంచాలకు ఒక్కడే.

మగవాళ్ల వార్డు హెడ్‌నర్సును అందరూ పెద్దక్క అనేవారు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. ఆ ఉదయం తొమ్మిదో మంచం దర్జీ పేరు పక్కన పచ్చచుక్క వెలిగింది. జ్వరం, దగ్గుతో నాలుగు రోజుల కిందట చేరిన మనిషి. జ్వరం దిగింది, ఇక ఇంటికి పంపొచ్చని అల్లుడు సెలవిచ్చాడు. డాక్టరు నొక్కాడు.

కాగితాలు పట్టుకుని పెద్దక్క వెళ్లేసరికి దర్జీ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఒక గుండీ పెట్టి ఆగాడు. రెండోది పెట్టి మళ్లీ ఆగాడు.

“నలభై ఏళ్లు ఊళ్లో వాళ్లందరికీ గుండీలు కుట్టిన చెయ్యమ్మా ఇది,” అంది భార్య నవ్వుతూ. “ఇప్పుడు చూడండి, బడికెళ్లే పిల్లాడి కంటే కనాకష్టంగా ఉంది.”

“నీకు... అన్నీ... వేళాకోళమే,” అన్నాడాయన. మూడు మాటలకు మూడుసార్లు ఊపిరి తీసుకున్నాడు.

పెద్దక్క చేతిలో కాగితం చూసింది. నిమిషానికి ఊపిరి పద్దెనిమిది. పొద్దున తన చేత్తో తనే రాసింది.

రాసిందే గాని లెక్కపెట్టలేదు. ఆ ఆసుపత్రిలో ఊపిరి ఎవరూ లెక్కపెట్టరు. జ్వరానికీ రక్తపోటుకీ పరికరాలున్నాయి. ఊపిరికైతే నిమిషం పాటు మంచం పక్కన నిలబడి మనిషి ఛాతీ వంక చూస్తూ ఉండాలి. అంత తీరిక ఎవరికుంది? అందుకని వచ్చేవాళ్లకీ పోయేవాళ్లకీ అందరికీ పద్దెనిమిదే. ఒకసారి చనిపోయి గంటైన మనిషికి కూడా పద్దెనిమిది పడింది. తను చేరిన కొత్తలో పైనర్సు నేర్పిన విద్య అది. తను మరో ఇరవైమందికి నేర్పింది.

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. “బాబాయిగారూ, ఒక్క నిమిషం మాట్లాడకండి.”

గోడగడియారం చూస్తూ లెక్కపెట్టింది. ముప్ఫై నాలుగు, మామూలుకు దాదాపు రెట్టింపు.

వార్డు బల్ల మీది ట్యాబ్‌లో ఆ అంకె కొట్టగానే తెర మీద ఒక మాట వచ్చింది: ‘ఈ ఆసుపత్రి రికార్డుల్లో ఇలాంటి అంకె లేదు. పద్దెనిమిది అని రాయబోయారా?’ మళ్లీ కొట్టింది. అల్లుడు ఎంతో మర్యాదగా తనే పద్దెనిమిదిగా దిద్దేశాడు.

పెద్దక్క డాక్టరు గదికి నడిచింది.

“తొమ్మిదో మంచాన్ని ఆపండి బాబూ. ఊపిరి ముప్ఫై నాలుగుంది.”

“పొద్దున మీరే కదక్కా పద్దెనిమిది వేశారు? అయినా అది లక్ష కేసులు చదివి చెబుతోంది.”

“ఆ లక్షలో నేను రాసినవీ ఉన్నాయి. అన్నీ చూడకుండా రాసినవే. దానికి అబద్ధం నేర్పింది మనమే బాబూ.”

డాక్టరు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. “ఆ మాట బయటికొస్తే మీ ఉద్యోగానికే ఎసరు.”

“నా పేరుతోనే రాసుకోండి. ముందు లేచి ఆయన్ని చూడండి.”

డాక్టరు లేచాడు. దర్జీ వీపు మీద స్టెతస్కోపు ఆనించి, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. ఎడమవైపు కింద చప్పుడే లేదు.

“ఇంటికి కాదు. ముందు ఆక్సిజన్, తర్వాత ఎక్స్‌రే,” అన్నాడు.

చేతిలో చెప్పుల సంచితోనే భార్య దగ్గరికొచ్చింది. “ఏమైందమ్మా?”

“ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరినట్టుంది. తీసేస్తారు. ఇంటికెళ్లకముందే తెలిసింది, అదే పదివేలు.”

ఆవిడ సంచి కింద పెట్టింది. ఆయన అంత కష్టపడి పెట్టుకున్న రెండు గుండీలనూ తనే నెమ్మదిగా విప్పింది.

మర్నాడు కమిటీ అత్యవసరంగా కూర్చుని, యంత్రంలో లోపమేమీ లేదని తేల్చి, దాన్ని అభినందించి, పెద్దక్కకు సంజాయిషీ నోటీసు పంపింది. ఆమె దాన్ని అందుకుని, సంతకం చేసి, మడిచి జేబులో పెట్టుకుంది. సాయంత్రం జవాబు రాయాలి, ఏమీ దాచకుండా. ఇప్పుడు మాత్రం పదో మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

పదో మంచం పెద్దాయన కాసేపు ఓర్చుకుని, ఇక ఉండబట్టలేక అడిగేశాడు. “ఏంటమ్మా అలా నా వంకే చూస్తున్నావు? నా పనైపోయిందా ఏంటి?”

“మీకేం కాలేదు పెదనాన్నా,” అంది పెద్దక్క గడియారం మీంచి చూపు తిప్పకుండా. “మాట్లాడితే లెక్క తప్పుతుంది. మళ్లీ మొదటికొస్తుంది.”