ఉల్లిపొరలో లేని గీత

నేను ఒక సూక్ష్మదర్శినిని. ఈ పేరుకు నోరు తిరగని పిల్లలు మైక్రోస్కోప్ అంటారు, నాకు పట్టింపేమీ లేదు. మహానగరం నడిబొడ్డున ఉన్న ఓ పెద్ద విశ్వవిద్యాలయంలో, వృక్షశాస్త్ర విభాగం వరండాలో, ఒక అద్దాల బీరువా నా ప్రస్తుత చిరునామా. దారిన పోయేవాళ్ళు ఆగి, "అసలు ఇత్తడేనా?" అని పక్కవాళ్ళను అడుగుతారు. నాలోంచి చూడాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాదు. బీరువాలోకి రాకముందు చివరిసారి నాలోంచి చూసిన మనిషి గురించి చెప్పాలని చాలా రోజులుగా ఉంది. కాని మొదట్నుంచీ మొదలుపెట్టకపోతే నాకు తోచదు.

నేను పుట్టింది సైన్సు పరికరాలు తయారుచేసే అంబాలాలో. ఒకాయన నా గొట్టాన్ని నున్నగా చేశాడు, ఇంకొకాయన కటకాలు అరగదీశాడు, అన్నీ బిగించాక మీసాలున్న పెద్దమనిషి ఒకాయన పరీక్షించడానికి కూర్చున్నాడు. కింద పెట్టి చూడటానికి ఏమీ దొరక్క తన మీసంలోంచే ఒక వెంట్రుక పీకి పెట్టాడు. నేను లోకానికి చూపించిన మొట్టమొదటి వస్తువు అదే. ఆయన చాలాసేపు చూసి, అద్దంలో కూడా ఎన్నడూ చూసుకోనంత ఇష్టంగా మీసం సవరించుకుని, నన్ను గడ్డి పరిచిన చెక్కపెట్టెలో పెట్టించాడు.

రైలెక్కి ఇక్కడికొచ్చాను. మొదట నన్ను వాడిన వృక్షశాస్త్రం ప్రొఫెసరు గారు చూడటమంటే పడిచచ్చేవారు. టీ చల్లారిపోయినా పట్టించుకోకుండా నాచుపోగును చూస్తూ కూర్చునేవారు. ఆయన పోయాక నాకు ఊరేగింపు మొదలైంది. జంతుశాస్త్రం వాళ్ళు బొద్దింక నోటిభాగాలు చూడాలని అరువు తీసుకెళ్ళి, తిరిగివ్వడం మరిచిపోయారు. భూగర్భశాస్త్రం వాళ్ళు రాళ్ళు చూడటానికి నన్ను అడిగి, పనికిరానని తిప్పిపంపారు. పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో కామర్స్ లెక్చరరు ఒకాయన ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా నన్ను వాటిమీద పెట్టుకున్నాడు. అప్పుడు నేను జమాఖర్చులు కూడా కొంచెం నేర్చుకున్నాను. ఈ విశ్వవిద్యాలయంలో ఇన్ని కోర్సులు చదివినవాళ్ళు ఇంకెవరూ ఉండరు. డిగ్రీ మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

చివరకు వృక్షశాస్త్రం వాళ్ళే నన్ను వెతికి తెచ్చుకున్నారు. తెచ్చుకుని ఏం చేశారంటే, ఏమీ చేయలేదు. ఇక్కడ ప్రాక్టికల్ క్లాసులో ఒక పద్ధతి ఉండేది. పిల్లలు నా ముందు వంగి, ఒక కన్ను మూసి, "కనబడింది మేడమ్" అనేవారు. తర్వాత బల్ల దగ్గరకెళ్ళి రికార్డులో బొమ్మ వేసేవారు. అది నేను చూపించిన బొమ్మ కాదు. గేటు బయట జిరాక్సు షాపులో అమ్మే బొమ్మల సెట్టులోది. ఆ సెట్టు ఎవరో పాత సీనియరు వేసిన బొమ్మలకు నకలు. ఆ నకలునే ఏటేటా కొత్త పిల్లలు కొనేవారు, దాన్ని చూసే పంతుళ్ళు మార్కులు వేసేవారు. ఇంత శ్రమపడి ఫోకస్ చేసి చూపిస్తే, నన్ను దాటుకుని కాగితాన్ని చూడటం నాకు కడుపుమంటగా ఉండేది.

ఆ రోజు కోర్సుల పరిచయ దినం. డిగ్రీలో కొత్తగా చేరిన పిల్లలందరినీ పెద్ద ఆడిటోరియంలోకి రప్పిస్తారు. ఒక్కో విభాగం ఒక్కో బల్ల వేసుకుని, మా దాంట్లో చేరండి అని పిలుస్తుంది. పిల్లలు సాయంత్రం అయిదులోపు హాలు చివరనున్న కంప్యూటర్ల దగ్గరకెళ్ళి, ఏ సబ్జెక్టు చదువుతారో ఎంచుకోవాలి. ఒకసారి ఎంచుకున్నాక మార్చుకోవడం కుదరదు. అర్థశాస్త్రం బల్ల మీద బిస్కెట్లు పెట్టారు. కామర్స్ బల్ల ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. మా బల్ల మీద నేను, ఒక మాదిరి రికార్డు, ఎర్రరంగు వేసిన ఉల్లిపొర ఉన్నాం. వెనక కుర్చీలో ప్రమీలారాణి మేడమ్ కూర్చున్నారు. ఇక్కడే చదువుకుని, ఇక్కడే ఉద్యోగంలో చేరిన మనిషి. కిటికీ ఎండ నా అద్దం మీద పడేలా బల్ల జరిపించింది ఆవిడే.

మధ్యాహ్నం దాటాక ఒక తండ్రీ కూతురూ వచ్చారు. తండ్రి పేరు శ్రీశైలం, గేటు బయట జిరాక్సు షాపు ఆయనదే. కూతురు నవనీత ఇంటర్లో బైపీసీ చదివి, డాక్టరు సీటు పరీక్షలో తప్పి, ఏం చదవాలో తేల్చుకోలేక తిరుగుతోంది. తండ్రి మాత్రం ఎప్పుడో తేల్చేసుకున్నాడు.

"పొద్దుగాల్నుంచి పొద్దుమీకెదాంక మా షాపుల బీకామ్ నోట్సులే జిరాక్సు అయితయి మేడమ్. ఏ కోర్సుకు గిరాకున్నదో నా మిషన్‌కు తెలుసు" అన్నాడాయన. "ఈమెకేమో ఏదన్న కనబడితె చాలు, చూసుకుంట నిలబడ్తది. కోచింగుల గూడ గదే చెప్పిన్రు. చూసుకుంట కూసుంటె ర్యాంకు రాదని."

నవనీత తల వంచుకుంది. ఆ మాట చాలాసార్లు విన్నదని నాకు అర్థమైంది. పైగా దాన్ని నమ్మింది కూడా. నాకు ఆ పిల్లను చూసి జాలేసింది. తలెత్తకుండానే ఆమె నా మీదకు వంగింది.

వంగిన పిల్ల లేవలేదు. మరలు తిప్పింది, ఉల్లిపొరను అటూ ఇటూ జరిపింది, మళ్ళీ మొదటికి తెచ్చింది. నా మొదటి ప్రొఫెసరు గారి తర్వాత నన్ను అంత ఓపిగ్గా తిప్పినవాళ్ళు లేరు. నాలో ఎప్పుడో బిగుసుకుపోయిన మర ఒకటి వదులైంది.

"మేడమ్, ఆ గీత ఏది?" అంది చివరికి.

"ఏ గీతమ్మా?"

"రికార్డుల ఉల్లిపొర బొమ్మ ఉంటది గదా. కుడి దిక్కు మీదికెల్లి ఒక వంకర గీత ఉంటది. షాపుల చిన్నప్పటి సంది చూస్తున్న, అదేందో అని. ఇందులయితె లేదు మేడమ్. ఎంత దేవులాడినా లేదు."

"అది కణద్రవ్యపు పోగు" అన్నారు మేడమ్ ఠక్కున. అని, తనే వచ్చి నాలోంచి చూశారు. మర తిప్పారు. ఇంకా తిప్పారు. లేనిదాన్ని నేను మాత్రం ఎక్కణ్ణుంచి తెచ్చి చూపించను? ఆవిడ లేచి మాదిరి రికార్డు తెరిచారు. బొమ్మలో గీత ఉంది. దాని పక్కన బాణం గుర్తు, పేరు కూడా ఉన్నాయి.

"నేనూ వేశాను ఈ గీత" అన్నారు నెమ్మదిగా. "వెయ్యనివాళ్ళకు అర మార్కు తగ్గించాను కూడా."

శ్రీశైలం మెడ సాచి రికార్డులోకి చూశాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయన ముఖం చిన్నబోయింది.

"ఆ గీత ఉల్లిగడ్డది గాదు మేడమ్" అన్నాడు. "మా మిషన్‌ది. దుకాణం పెట్టిన కొత్తల స్టేప్లర్ పిన్ను రాసుకపోయి అద్దం మీద గాటు పడ్డది. మారుద్దాం మారుద్దాం అనుకుంటనే అయిపాయె. ఏ కాగితం ఏసినా ఆ జాగల వస్తది."

కామర్స్ నోట్సుల మీద కూడా ఆ గీత పడే ఉంటుంది. కాని అక్కడ దానికి పేరు పెట్టినవాళ్ళు లేరు. చదువుకున్న మా విభాగం వాళ్ళే పేరు పెట్టి, బాణం వేసి, మార్కులు కూడా ఇచ్చారు.

ప్రమీలారాణి మేడమ్‌కు నవ్వొచ్చింది. పక్క బల్లల వాళ్ళు తిరిగి చూసేదాకా నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుని నవనీత వైపు తిరిగారు.

"ఇన్నేళ్ళలో ఇందులోంచి ఎంతోమంది చూశారమ్మా. నాతో సహా. లేనిదాన్ని లేదని చెప్పింది నువ్వొక్కదానివే."

"అంటే నేను సరిగనే చూసిన్నా మేడమ్?"

"సరిగ్గానే చూశావు. ఇక్కడ చదువంటే అదే. మేము మరిచిపోయాం."

ఆ పిల్ల ముఖంలోకి వచ్చిన వెలుగు నాకు ఇప్పటికీ గుర్తే. కాని తండ్రి ఉన్నాడు కదా పక్కన. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఇదంత మంచిగనే ఉన్నది మేడమ్. గిది చదివితె నౌకరి వస్తదా?"

"వస్తుందని నేను రాసివ్వలేను. దానికి ఇంకా పైచదువు చదవాలి, ఓపిక పట్టాలి" అన్నారు మేడమ్. అబద్ధం చెప్పనందుకు నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది, ఆ పిల్ల సంగతి తలుచుకుంటే మాత్రం దిగులేసింది.

"మరి గట్లయితె ఎట్ల?" అని శ్రీశైలం కూతురి చెయ్యి పట్టుకున్నాడు. కామర్స్ బల్ల వైపు రెండడుగులు వేశాడు కూడా.

నవనీత కదల్లేదు. "నాన్న, నీ గీతను ఇందుల పెట్టి చూద్దామా?" అంది.

ఆయన జేబులో షాపు పేరు వేసి జిరాక్సు తీసిన కాగితాలు ఎప్పుడూ ఉంటాయి. ఒకటి తీసిచ్చాడు, కూతురు అడిగింది కాబట్టి. దాని మీదా గీత ఉంది. మేడమ్ దాన్ని నా కింద పరిచి, పైనుంచి ఫోన్ లైటు వేశారు. శ్రీశైలం వంగాడు.

"నా కండ్ల ఎంటికలే కనబడ్తున్నయి."

"కన్ను జెర ఎనకకు అను నాన్న. రెండో కన్ను గట్టిగ మూయకు."

ఆయన కొంచెం వెనక్కు జరిగాడు. నేను నా శక్తికొద్దీ చూపించాను.

"ఇది గీత గాదు బిడ్డా" అన్నాడు. "రవ్వ లెక్కున్నది. నల్లరవ్వ. తెల్ల జాగల గూడ అక్కడక్కడ పడ్డయి, గవెందుకు పడ్డయి? కిందికెల్లి ఈ దారాలేంది, చిక్కుబడ్డట్టు?"

"కాగితమే అది" అన్నారు మేడమ్. "ఆ దారాలన్నీ చెట్టు నార. ఇన్నేళ్ళుగా మీరు అమ్మింది మా సబ్జెక్టే శ్రీశైలం గారూ."

ఆయన మర ఏదో తనంతట తనే కనిపెట్టి మెల్లగా తిప్పాడు, దారాలు ఇంకా తేటగా కనబడ్డాయి. ఎక్కడో మైకులో సమయం అయిపోవస్తోందని చెబుతున్నారు. కామర్స్ బల్ల ముందు జనం కంప్యూటర్ల వైపు పరుగెత్తారు. షాపులో రోజంతా కాగితాలను కట్టలు కట్టలుగా తిప్పే మనిషి ఇప్పుడు ఒక్క కాగితం దగ్గర ఆగిపోయాడు. ఆయన కనురెప్ప నా అద్దానికి తగులుతోంది, వెచ్చగా ఉంది. ఆ తర్వాత క్లాసులు మొదలయ్యేలోపే తెరలున్న కొత్త యంత్రాలు వచ్చి నేను బీరువా చేరాను కాబట్టి, నాకు తగిలిన చివరి వెచ్చదనం అదే.

"నాన్న" అంది నవనీత. "అయిదు అయితున్నది. ఏది పెట్టాలె?"

శ్రీశైలం తల ఎత్తలేదు.

"నువ్వు చూసిందే పెట్టు పో బిడ్డా" అన్నాడు. "నేను జెరసేపు ఇది చూసొస్త."