సరోజన ఎడమ చెయ్యి

ఆపరేషన్ తర్వాత సరోజన గొంతు మళ్లీ మునుపటిలా రాలేదు. థైరాయిడ్ గడ్డ గొంతు నరాన్ని చుట్టుకొని ఉందనీ, మాట దక్కితే అదే గొప్ప అనీ డాక్టర్ ముందే చెప్పాడు. మాట దక్కింది, బొంగురుగా. పాట పోయింది.

హనుమకొండలో వాళ్ల కాలనీ ఆడవాళ్లంతా శుక్రవారం భజనకు కూడేవారు. ఏళ్ల తరబడి అక్కడ పాట ఎత్తుకునేది సరోజనే. దవాఖాన నుంచి వచ్చాక కూడా కొన్నాళ్లు వెళ్లి తాళం వేస్తూ కూర్చుంది. ఒకనాడు ఎవరో ఆమె చెయ్యి పట్టుకొని, "పాడకున్నా ఏం గాదక్కా, నువ్వు ఊకె కూసో సాలు" అన్నారు. ప్రేమగానే అన్నారు. ఆమె మళ్లీ వెళ్లలేదు. వాళ్లు కొంతకాలం ఫోన్లు చేసి ఊరుకున్నారు. భర్త రమాకాంత్ పొద్దున్నే స్టీలు సామాన్ల దుకాణానికి పోతే చీకటి పడ్డాకే రావడం. పిల్లలు లేని ఇల్లు. పగలంతా ఫ్యాను తిరిగే చప్పుడే.

ఒకరోజు ఊళ్లోనే సుబేదారిలో ఒక గేటుకు పియానో క్లాసుల బోర్డు కనిపిస్తే ఆటో ఆపించి దిగింది. నేర్పేది తేజస్విని అనే అమ్మాయి. నేర్చుకునేవాళ్లంతా బడిపిల్లలు. సరోజన కుచ్చిళ్లు సర్దుకొని ఆ చిన్న స్టూలు మీద కూర్చుంటే వెనక కిసుక్కుమన్నారు. ఆమె పట్టించుకోలేదు. ఇంట్లోకి ఒక కీబోర్డు కొనుక్కుంది. గొంతు లేకపోతే ఏం, వేళ్లున్నాయి కదా అనుకుంది.

వేళ్లు ఆమె మాట వినలేదు. కుడిచెయ్యి ఎలాగో కుదురుకుంది గానీ, ఎడమది తోడు వచ్చిందంటే రెండూ తడబడేవి. చిటికెన వేలు కీబోర్డు మీద ఒక మెట్టు నొక్కబోయి రెండు నొక్కేది. నిద్రలో లేపినా పాడగలిగే మంగళహారతి మొదటి వరసలోనే చిందరవందర అయ్యేది. మళ్లీ మొదలుపెట్టేది. మళ్లీ అదే చోట తప్పు.

ఒక మధ్యాహ్నం రెండు అరచేతులతో మెట్లన్నిటినీ దబదబా బాదింది. గట్టిగా అరవాలనుకుంది. అరుపు కూడా రాలేదు, గాలి వచ్చింది. అప్పుడు ఏడ్చింది. ఏడ్చి, లేచి, పాత దుప్పటి తెచ్చి కీబోర్డు మీద కప్పేసింది.

సాయంత్రం రమాకాంత్ ఆ దుప్పటి చూశాడు. "ఏమైంది, ఇడిసిపెట్టినవా?"

"నాతోని అయితలేదు."

"పోనియ్యి. టీవీ చూడరాదు, పొద్దు పోతది."

ఆయన మాటలో వెక్కిరింత లేదు. అందుకే ఆ రాత్రి ఆమెకు అన్నం సయించలేదు.

ఆమె క్లాసుకు రాకపోయేసరికి కొన్ని రోజులు చూసి తేజస్విని ఫోన్ చేసింది. మానేస్తున్నానని ముఖాముఖి చెప్పడమే మర్యాద అనుకొని సరోజన వెళ్లింది. పిల్లలు ఇంకా రాలేదు.

"పాట మొత్తం నా మనసుల ఉన్నది బిడ్డా. చేతులే మొద్దువి. ఇగ నేను రాను."

"ఒక్కసారి వాయించుండ్రి ఆంటీ, నేను చూస్తా."

వాయించింది. అదే చోట తప్పింది. తేజస్విని ఆమె ఎడమచేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"ఆంటీ, మీరు లోపల పాడుకుంట వాయిస్తున్నరు. గొంతు ఎంత జల్దీ పోయేదో చేతులు గూడ అంత జల్దీ పోవాలంటున్నరు. వాటికి ఈ పాట ఎరుకనే లేదు కదా. భజనల పాడేదాన్నని చెప్పిన్రు కదా, ఆడ కొత్తోళ్లకు ఎట్ల నేర్పేది మీరు?"

సరోజన చేతులు ఒళ్లోకి తీసుకుంది. భజనకు కొత్తగా వచ్చిన సమ్మమ్మ గుర్తొచ్చింది. శ్రుతి అసలు నిలిచేది కాదు ఆమెకు. వరసలో సగం చెప్పి, సగమే పాడించి, తప్పినా చిరునవ్వుతో మళ్లీ అందించేది తను. ఒక్కనాడూ విసుక్కోలేదు.

"జర మెల్లగ," అంది తేజస్విని. "ఎడమచెయ్యి ఒక్కటే. లోపల పాట బందు పెట్టుండ్రి."

లోపలి పాట ఆపడమే అన్నిటికన్నా కష్టమైంది. తనకు మిగిలిందే అది. ఇంటికొచ్చి దుప్పటి తీసి, ఎడమచేతిని మెట్ల మీద పెట్టి, ఒక్కో వేలూ దిగేదాకా ఆగింది. అలా వాయిస్తే అది హారతిలా లేదు, అసలు పాటలానే లేదు. విసుగు మళ్లీ వచ్చింది. వచ్చినప్పుడల్లా లేచి వంటింట్లోకి పోయి చిక్కుడుకాయల ఈనెలు తీసి, చేతులు కడుక్కొని వచ్చి కూర్చునేది. కొన్నాళ్లు ఎడమచెయ్యే. తర్వాత రెండూ, నత్తనడకన.

వాన పట్టిన ఒక పగటిపూట మొదటి వరస చివరిదాకా వచ్చింది. రెండు చేతులూ ఎక్కడా తోసుకోలేదు. నెమ్మదిగా, బెదురుగా, కానీ హారతిలాగే వచ్చింది. చెప్పడానికి వెనక్కి తిరిగింది. సోఫా ఖాళీగా ఉంది. దుకాణానికి ఫోన్ చేద్దామనుకుంది గానీ, గిరాకీ వేళ ఆయనకు ఇదేం చెప్తుంది?

మళ్లీ వాయించింది. ఈసారి మధ్యలో తప్పింది. కోపం రాలేదు. తప్పిన చోటికి వెనక్కి వెళ్లి, ఎడమచేతిని ఒక్కదాన్నే పెట్టుకొని, చిటికెన వేలు దిగేదాకా ఆగింది.