పదకొండో మనిషి

జాహెదాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: ఎక్కడికైనా పోయినప్పుడు ఎవరో ఒకరిని అక్కడే మరిచిపోయి, మిగతావాళ్లంతా ఇంటికి వచ్చేయడం. నీళ్లంటే భయం, తేలంటే భయం, పోలీసులంటే భయం. అవన్నీ దీని తర్వాతే. సౌదీలో వాళ్లుండే తబూక్‌లో కూరగాయల దుకాణానికి పోయినా తలలు లెక్కపెట్టుకుంటుంది. తను, మొగుడు, బిడ్డ. ఉన్నవే మూడు తలలు, అయినా రెండుసార్లు లెక్కపెడుతుంది. ఎనిమిదో తరగతిలోనే బడి మాన్పించారు గానీ లెక్కల్లో ఆమెకు ఏనాడూ మార్కులు తగ్గలేదు.

అలాంటి మనిషిని మొగుడు మస్తాన్ వలీ దీవికి తీసుకుపోతానన్నాడు. నంద్యాల నుంచి విజిట్ వీసా మీద వచ్చిన వాళ్లమ్మ మదార్బీకి చూపించాలట. తబూక్ నుంచి కారులో మూడు గంటలు, ఆపైన నావలో ముప్పావు గంట. సర్కారు కాపాడుతున్న దీవి అది. మడచెట్లు, కొంగలు, తాబేళ్లు తప్ప దుకాణం లేదు, ఫోనుకు సిగ్నల్ లేదు. పొద్దున దించిన నావే సాయంత్రం ఎక్కించుకుని రావాలి.

"మరిచిపోతే?" అంది జాహెదా.

"ఎవురు?"

"నావ వాడు. మనల్ని."

"ఏముంది, తాబేళ్లతో పాటు మనమూ గుడ్లు పెట్టుకోని బతుకుదాం," అన్నాడు మస్తాన్ వలీ.

జాహెదా చున్నీ ఒక కొసను రెండున్నరేళ్ల అఫ్షాన్ నడుముకు కట్టి, రెండో కొసను తన నడుముకు కట్టుకుంది. రేవులో అది చూసి మదార్బీ బుగ్గలు నొక్కుకుంది.

"ఏమ్మే, అది బిడ్డా, దూడా? కట్టేసినావు!"

"తప్పిపోతుందత్తా."

"నేను ఆరుగురిని సాకినా. ఒక్కరన్నా తప్పిపోయినారా?"

"అఫ్షాన్ వాళ్ల చిన్నాయన ఉరుసులో తప్పిపోయినాడంట కదా?"

"దొరికినాడు కదా!" అని మూతి తిప్పుకుంది మదార్బీ. అప్పటి నుంచి కోడలితో మాట బంద్.

మదార్బీ అలిగినా ఆమె బిర్యానీ అలగలేదు. హాట్‌బాక్సుల మీద ఆమెకు నమ్మకం లేదు. బిర్యానీ వండిన దబర గిన్నె మూతకు పిండి మెత్తి, మొదట పాత దుప్పటి చుట్టి, దాని పైన జాహెదా రెండో అబాయా తొడిగింది, అచ్చం తను వేసుకున్నలాంటి నల్ల బురఖానే. నల్లగా, నిండుగా, మెడ దాకా గుండీలు పెట్టుకుని కూర్చున్న దబర అది. మధ్యాహ్నం మడచెట్ల నీడలో నలుగురూ తిన్నా సగం మిగిలింది. మదార్బీ మళ్లీ మూత పెట్టి, మళ్లీ గుండీలు పెట్టి, ఎవరికీ చెప్పకుండా ఎటో పోయింది.

మూడింటికి నావ కూత వేసింది. మస్తాన్ వలీ దబరను మోసుకొచ్చి, నావ అడుగున నీళ్లుంటే ఆడవాళ్ల వరుసలో సీటు మీద పెట్టాడు. ఒలికితే అమ్మ తనను సముద్రంలోకి తోస్తుందని తెలుసు. అందుకని ఖాళీగా ఉన్న లైఫ్ జాకెట్ ఒకటి దబరకు తొడిగి సీటుకు బిగించి, మగవాళ్లతో ముందుకు పోయి కూర్చున్నాడు. జాహెదా బిడ్డతో ఎక్కింది. కాలు నేల వదలగానే ఆమెకు కళ్లు సగం మూతపడతాయి. ఆ సగం కళ్లతోనే లెక్కపెట్టింది. తను, బిడ్డ, ముందు మొగుడు, పక్కన నల్లగా అత్త. నాలుగు. కళ్లు పూర్తిగా మూసుకుని దువా మొదలుపెట్టింది.

నావ నడిపే సలీం బంగ్లాదేశ్ వాడు, మర్యాదస్తుడు. ఆడవాళ్ల వైపు తేరిపార చూడొద్దని యజమాని చెప్పిన మాట జవదాటడు. ఆకాశం వైపు చూస్తూ ఓరకంటితో జాకెట్లు లెక్కపెట్టాడు. పొద్దున వీళ్లు నలుగురు, ఒక పాకిస్తానీ కుటుంబం ఏడుగురు.

"గ్యారా. పూరా హై," పదకొండూ సరిపోయాయని నావ కదిలించాడు.

కొంతసేపటికి అలలు పెద్దవయ్యాయి. జాహెదా కళ్లు తెరవకుండానే పక్కకు వంగింది. "అత్తా, భయపడాకు. ఇంకొంచెం సేపే."

జవాబు లేదు.

"పొద్దున కూడా నీ మీద కోపంతో అనలేదత్తా. చిన్నాయన సంగతి నోరు జారి వచ్చినాది."

అదే మౌనం. ఇంత పెద్ద అలకా అని జాహెదా చెయ్యి చాపి భుజం మీద వేసింది. ఉలిక్కిపడింది.

"ఏమయ్యా! అత్తకు ఒళ్లు కాలిపోతాంది! జరం!"

మస్తాన్ వలీ వెనక్కి తిరిగాడు. దబరను చూశాడు. దబర భుజం మీద చెయ్యి వేసిన పెళ్లాన్ని చూశాడు.

"అది బిర్యానీ కదే... అమ్మ యాడ?"

జాహెదా కళ్లు పూర్తిగా తెరుచుకున్నాయి. పాకిస్తానీ ఆడవాళ్లు ఘొల్లుమన్నారు, నవ్వో ఏడుపో వాళ్లకే తెలియదు. వెనక దీవి ఒక గీతలా కనబడుతోంది.

సలీం తల అడ్డంగా ఊపాడు. నావ తిప్పడానికిచ్చే అనుమతి కాగితం, తస్రీహ్, నాలుగింటి వరకేనట. ఆ తర్వాత సముద్రం మీద కనిపిస్తే కోస్ట్ గార్డు నావనే పట్టుకుంటారట. రేపు పొద్దున తెద్దామన్నాడు.

"రేపా?" నావలో కూర్చోవడానికే వణికే జాహెదా లేచి నిలబడింది. చున్నీకి వేలాడుతూ అఫ్షాన్ కూడా లేచింది. "సుగర్ మనిషి! మాత్ర నా సంచిలో ఉండాది! అమ్మీ ఉధర్, దవా ఇధర్! వాపస్ తిప్పు! కోస్ట్ గార్డు వస్తే నన్నే పట్టుకోమను!"

సలీం అప్పుడు మొదటిసారి ఆమెను నేరుగా చూశాడు. చూసి, నావ తిప్పాడు.

దీవి రేవులో కాపలా గది ఉంది, నీలం తలుపు. దాని ముందు కుర్చీలో మదార్బీ కాళ్లు చాపుకుని పాలు లేని టీ తాగుతోంది. కింద రాయి మీద యాభై దాటిన మనిషి కూర్చున్నాడు.

"ఏమ్మే, యాడికి పోయినారు మీరంతా?" అంది మదార్బీ. అప్పటిదాకా గది లోపల ముచ్చట్లలో ఉన్న ఆమెకు నావ పోయిందనే తెలియదు.

నమాజుకు వజూ చేసుకుందామని నీళ్ల కోసం వస్తే గదిలో నుంచి తెలుగు వినబడిందట. ఆ మనిషి పేరు హన్మాండ్లు, దీవి కాపలాదారు, జగిత్యాల దగ్గరి ఊరు. పదిహేను రోజులకొకసారి ఒడ్డుకు పోతాడు. సిగ్నల్ ఉండదు కాబట్టి, భార్య ముత్యవ్వ పంపిన పాత వాయిస్ మెసేజులే మళ్లీ మళ్లీ వింటుంటాడు.

"ఏం చెయ్యాలమ్మా," అన్నాడు హన్మాండ్లు, సిగ్గుపడుతూ. "ఆమె 'తిన్నవా' అంటది. నేను 'తిన్న' అంట. పొద్దుగాల్నుంచి అదే ముచ్చట."

"నిజంగా తిన్నావా నాయనా?" అంది మదార్బీ.

"రొట్టె, డబ్బా పప్పు. రోజూ గదే."

మదార్బీ కొడుకు వైపు చూసింది. మస్తాన్ వలీ లైఫ్ జాకెట్ విప్పి, అబాయా విప్పి, దుప్పటి విప్పి, దబరను గదిలో పెట్టి వచ్చాడు. సలీం గడియారం చూపిస్తూ మొత్తుకున్నాడు.

ఈసారి జాహెదా కళ్లు మూసుకోలేదు. ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టింది, సలీం తలతో సహా. అత్త నెత్తి మీద రెండుసార్లు పెట్టింది. మదార్బీ చున్నీ కొస పట్టుకుని తన అబాయా కొసకు కూడా ఒక ముడి వేసుకుంది.

లెక్క సరిపోయింది. అయినా జాహెదాకు సరిపోయినట్టు అనిపించలేదు. నావ దూరమయ్యే కొద్దీ రేవులో ఒక మనిషి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

మదార్బీ వీసా అయిపోయి నంద్యాల పోయింది. మస్తాన్ వలీకి మళ్లీ సెలవు దొరకలేదు. అందుకని, మీలో ఎవరైనా ఆ దీవికి పోతే, నావ దిగగానే ఎడమ చేతి పక్క నీలం తలుపు కొట్టండి. హన్మాండ్లు ఎట్లా ఉన్నాడో ఒకసారి చూసి రండి. తిన్నాడా అని అడగకండి, తిన్నానంటాడు. దబర మూత ఎత్తి చూడండి.