ఒక చుట్టు తక్కువ

అరవై రెండు, కాదు, అరవై రెండు ఎలా అవుతుంది, ఆ స్పీడు మీటరుకే పిచ్చి పట్టి ఉండాలి, మొన్నటిదాకా నలభై దాటని బండి, చెప్పుల డబ్బా అంత ఉన్న రిమోట్ కారు, అది గంటకు అరవై రెండు కిలోమీటర్లట, తనది యాభై ఏడు, మూడేళ్లుగా ఈ తిరుత్తణి కల్యాణ మండపం సిమెంటు వాకిట్లో తనను దాటినవాడు లేడు, ఆడి నెలలో పెళ్లిళ్లుండవు కాబట్టి కార్లు నిలిపే చోటు వీళ్ల పందేనికి ఊరికే ఇస్తారు, తిరువళ్లూరు నుంచి వచ్చినవాళ్లు కూడా మురళీధరన్ బండి ఏదని అడిగి మరీ చూసి పోతారు, ఇవాళ ఒక్కడూ అడగలేదు, అందరూ గుణ చుట్టూ మూగారు, గుణ అంటే ఎవరో కాదు, సొంత బావమరిది, రంజని తమ్ముడు, సోల్డరింగ్ కడ్డీ ఏ కొన పట్టుకోవాలో తెలియక వేలు కాల్చుకుంటే ఆ వేలికి టూత్ పేస్టు రాసింది తనే, పళ్ల చక్రం చిన్నది వేస్తే ఏమవుతుందో, పెద్దది వేస్తే ఏమవుతుందో, బండి బరువు ఎక్కడ తగ్గించాలో అన్నీ నేర్పింది తనే, ఒక్క మోటారుకు రాగి తీగ చుట్టడం తప్ప, అది మాత్రం దాచుకున్నాడు, దాచుకుంటే తప్పా, అన్నీ చెప్పేస్తే తనకు మిగిలేదేమిటి.

సెమ్మ స్పీడు గుణా, సెమ్మ స్పీడు, అని ఎవరో అరుస్తున్నారు, ఆ అరుపు పోయిన ఏడాది తనది, ఈ చప్పట్లూ తనవే, అవన్నీ పోతే పోనీ, గోడ నీడలో గొడుగు పట్టుకుని నిలబడ్డ రంజని కూడా కొట్టింది, తను చూశాడు, గొడుగు చంకలో ఇరికించుకుని మరీ కొట్టింది, మొగుడు ఓడిపోయాడన్న ఇంగితం ఉండొద్దూ, తను గెలిచిన మూడేళ్లూ ఆ చేతులు గొడుగు వదల్లేదే, కడుపు మండిపోతోంది, నిజంగానే మండుతోంది, పొద్దున తిన్న పొంగలి మీదికి తోసెయ్యడానికి లేదు, ఇది శుద్ధమైన అసూయ, ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గెందుకు, వాడి నవ్వు చూడలేకపోతున్నాడు, వాడి కొత్త చొక్కా చూడలేకపోతున్నాడు, తను గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకుని వచ్చినప్పుడల్లా తన వాకిట్లో వాడి బైకు ఉండేది, అక్క చేతి వంటకు వచ్చాడులే అనుకున్నాడు, ఎంత అమాయకుడు తను, తన బల్ల మీద సామాను చూసిపోవడానికి వచ్చి ఉంటాడు, లేదా ఎక్కడో దుకాణంలో ఫ్యాక్టరీ మోటారు కొని దూర్చి ఉంటాడు, అవును, అదే, కొన్నదే, దుకాణంలో కొన్న మోటారు ఇక్కడ చెల్లదు, ఇంట్లో చుట్టుకున్నదే పెట్టాలి, దొరికాడు, ఇంకో ఐదు నిమిషాల్లో వాడి నవ్వు ఏమవుతుందో చూస్తాడు.

మురళీ, రా, రూలు తెలుసు గదా, ఓడినోడే విప్పాల, అన్నాడు వేలాయుధం, కనకమ్మ సత్రం ఊళ్లో హార్డ్‌వేర్ అంగడి ఆయనది, పందెం నడిపేదీ ఆయనే, గెలిచినవాడి బండిని రెండో స్థానం వాడు అందరి ముందూ విప్పాలని పెట్టిందీ ఆయనే, తరువాత తగాదాలు రాకుండా, మూడేళ్లు ఇంకొకరు తన బండి విప్పుతుంటే చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు, స్క్రూడ్రైవరు ఇంత బరువుగా ఉంటుందని ఇవాళే తెలిసింది, మెల్లిగా విప్పు బావా, ఆ కొన స్క్రూ లూజుగా ఉండాది, అంటున్నాడు గుణ, తనకు చెప్తున్నాడు, తనకు, సరే, స్క్రూలు వచ్చాయి, మోటారు వచ్చింది, వెనక మూత వచ్చింది, లోపల మూడు రెక్కల మీద రాగి తీగ, లావు తీగ, తక్కువ చుట్లు, అలా ఉంటేనే మోటారు జోరుగా తిరుగుతుంది, కానీ ఈ చుట్టడం ఏమిటి, ఒక పోగు పక్కన ఒక పోగు, సందు లేదు, ఒకదాని మీద ఒకటి ఎక్కడం లేదు, మూడు రెక్కలూ ఒక్క తీరు, ఇది మనిషి చేతి పని కాదు, ఫ్యాక్టరీదే, నోరు తెరవబోయాడు, అప్పుడు కనబడింది, తీగ లేచిపోకుండా కట్టిన కుంకుమ రంగు నూలుపోగు, ముడి బయటికి కనబడకుండా కొసను లోపలికి దోపిన కట్టు.

ఇంట్లో మగ్గం మీద ఉన్న చీర కుంకుమ రంగే, ఆ దోపుడు రోజూ చూసేదే, రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేటప్పుడు రంజని కొసను అలాగే దోపుతుంది, కళ్లు ఎక్కడో ఉంటాయి, వేళ్లు మాత్రం నూలు బిగువు వదలవు, తై నెలలో, సంక్రాంతి అప్పుడు అనుకుంటా, తను బల్ల మీద మోటారు చుడుతూ ఉంటే పసుపు చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది, మూడో రెక్కలో ఒగ చుట్టు తక్కువ పడినట్టుండాది, నేను చుట్టేదా, అంది, ఇరవై ఎనిమిది లెక్కపెట్టినాను, నీకేం తెలుసు, ఇది నీ కండె కాదే, మోటారు, తప్పుకో, అన్నాడు తను, నవ్వాడు కూడా, ఆమె తప్పుకుంది, అప్పటినుంచీ తన బండి జోరెక్కగానే ఒణుకుతోంది, ఇరుసు వంకర అనుకుని రెండు ఇరుసులు మార్చాడు, చక్రాలు మార్చాడు, ఇవాళ కూడా చివరి మలుపులో ఒణికింది, ఒక చుట్టు, ఒక్క చుట్టు తక్కువ.

ఏం మురళీ, ఇంట్లో చుట్టిందేనా, అంగడి సరుకా, నువ్వు చెప్తే సరే, అంటున్నాడు వేలాయుధం, అంగడిది అంటే చాలు, ఇంత నీటుగా ఉన్నదాన్ని చూసి ఎవరూ కాదనరు, కప్పు నాలుగోసారి తన చేతికొస్తుంది, గుణ నవ్వు ఆగిపోయింది, వాడు అక్క వైపు చూస్తున్నాడు, ఆమె గొడుగు మడిచేసింది, ఎండలో నిలబడి తనవైపే చూస్తోంది, తప్పుకో అన్న రోజు చూసినట్టే చూస్తోంది, అన్నా, ఇంట్లో చుట్టిందే, అన్నాడు, అందరికీ వినబడేలా మళ్లీ అన్నాడు, మా ఇంట్లో, ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, మంట ఇంకా ఉంది, అది గుణ మీద కాదిప్పుడు, వాడు తన దగ్గర ఏదీ దొంగిలించలేదు, తను వద్దన్నదే వాడు తీసుకున్నాడు, ఆమె ముందుగా అడిగింది తననే.